ఇరవై రెండున్నర నిమిషాల టీవీ, ఇంటికెళ్లే ట్యాబ్

1975 ఆగస్టు 1న మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లోకి టీవీ వచ్చింది. అప్పటికి హైదరాబాద్‌లో టీవీ కేంద్రమే లేదు. దూరదర్శన్ అక్కడ మొదలైంది 1977 అక్టోబరులో. రాజధాని ఇంకా రేడియో వింటున్న రోజుల్లో, ఏటా సగం ఊరు మూట కట్టుకుని పనులకు వలసపోయే పాలమూరులో, కరెంటు చేరని ఊళ్లలో సైతం, పిల్లలు నేల మీద కూర్చుని టీవీలో సైన్సు పాఠం చూశారు. ఈ సంగతి ఇప్పుడు పాలమూరు టీచర్లకే చెబితే నమ్మరు.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా దగ్గర ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ఏడాది పాటు అరువు తెచ్చుకుని ఇస్రో చేసిన ప్రయోగం అది. దానికి పునాది 1969లో విక్రం సారాభాయ్ కాలంలో కుదిరిన ఒప్పందం. పేరు ‘సైట్’. ఆరు రాష్ట్రాలు, 2,400 పల్లెలు. మన వైపు మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాద్, కర్నూలు జిల్లాల ఊళ్లను ఎంచుకున్నారు. అంటే తుంగభద్రకు ఇటు అలంపూర్ వైపు జిల్లా, అటు కర్నూలు జిల్లా ఒకే పొద్దున ఒకే బొమ్మ చూశాయన్నమాట.

నలభై ఏడేళ్ల తర్వాత ఆ నది రెండు రాష్ట్రాల నడుమ గీత అయ్యాక, అటు ఒడ్డున ఎనిమిదో తరగతి పిల్లల సంచిలోకి ట్యాబ్ వచ్చింది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంపిణీ మొదలుపెట్టింది. పిల్లలకూ టీచర్లకూ కలిపి ఐదు లక్షల పైచిలుకు ట్యాబ్‌లు, లోపల ముందే ఎక్కించిన బైజూస్ అనే ప్రైవేటు కంపెనీ పాఠాలు. ఇటు తెలంగాణలో, గద్వాల, నాగర్‌కర్నూల్, నల్లగొండ పిల్లలకు ఆ ట్యాబ్ రాలేదు. అప్పట్లో సరిహద్దు ఊళ్లలో అది పెద్ద చర్చే. మేనత్త కొడుకు చేతిలో ట్యాబ్ చూసి వచ్చిన పిల్ల ఇంట్లో ఊరుకుంటుందా?

ఆ టీవీనీ ఈ ట్యాబ్‌నూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఏది గొప్పదో తేల్చడానికి కాదు, అందులో పోటీయే లేదు. తరగతి గదిలో యంత్రాన్ని ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు ఆపాలో తేల్చే అధికారాన్ని అప్పుడు ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు ఎవరికి ఇస్తున్నారు అన్నది నా ప్రశ్న. పిల్లలు కంప్యూటర్ ఎంతసేపు చూడాలన్న మన వాదులాటలన్నీ నిమిషాల లెక్కల్లో తిరుగుతుంటాయి. ఆ నిమిషాలను లెక్కపెట్టేది ఎవరన్న మాట ఎవరూ ఎత్తరు.

ముందు టీవీ సంగతి. పొద్దున బడిపిల్లలకు గంటన్నర ప్రసారం. హిందీ, ఒరియా, కన్నడ, తెలుగు భాషలకు సమంగా పంచితే ఒక్కో భాషకు ఇరవై రెండున్నర నిమిషాలు వచ్చింది. తెలుగు పిల్లలకు రోజుకు అంతే. సాయంత్రం రెండున్నర గంటలు ఊరందరికీ: వ్యవసాయం, ఆరోగ్యం, వార్తలు. సెట్లు తయారైంది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌లో. బడి మీదో పంచాయతీ ఆఫీసు మీదో పది అడుగుల వెడల్పున, తిరగేసిన గొడుగు లాంటి యాంటెన్నా పెట్టారు. దానికి వాడింది కోళ్లగూడుకు కొట్టే ఇనుప జాలి. ఆకాశంలో ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నుంచి వచ్చే బొమ్మను పట్టింది ఆ జాలీయే. కరెంటు లేనిచోట బ్యాటరీతో నడిపారు. ఖరీదైన యంత్రాన్ని పేద ఊరికి సరిపడేలా తగ్గించి చేయడంలో ఆ తరం ఇంజనీర్లకున్న పట్టు ఇప్పటి టెండర్లలో కనపడదు.

ఇక్కడ అదుపు ఎవరిది? అచ్చంగా ఉపగ్రహానిది. ప్రసారం మొదలైనప్పుడే పాఠం, ఆగినప్పుడే ఆఖరు. ఇంకో ఛానల్ లేదు, ఇంకో ప్రోగ్రాం లేదు. పిల్లవాడు దారి తప్పడానికి దారే లేదు. మితంగా వాడండి అని ఎవరూ సర్క్యులర్ పంపనక్కర లేకుండానే మితం యంత్రంలోనే ఉంది. అయితే ఇందులో మురిసిపోవాల్సిందేమీ లేదు. ఆ కట్టడి గుడ్డిది. పిల్లలకు అర్థం కాకపోతే టీచర్ ఆపలేడు, వెనక్కి తిప్పలేడు. బ్యాటరీ అడుగంటితే ఆ పూట పాఠం గాలికి పోయినట్టే. ఒకటో తరగతి పిల్లా ఐదో తరగతి పిల్లా ఒకే బొమ్మ ముందు కూర్చోవాలి. గురువు చేతిలో లేని పాఠం ఎంత మంచిదైనా సగం పాఠమే.

ఆ మాట ప్రయోగం చేసినవాళ్లకూ తెలుసు. అప్పుడు అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌కు డైరెక్టర్ యశ్ పాల్. ఆయన బృందం, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది పిల్లల ప్రసారం కాదు, టీచర్ల శిక్షణ. సెలవుల్లో పన్నెండు రోజుల చొప్పున, రెండు విడతల్లో, సుమారు 48 వేల మంది ప్రాథమిక టీచర్లకు సైన్సు ఎలా చెప్పాలో అదే టీవీ ద్వారా నేర్పారు. టీవీలో చూడటం, రేడియోలో వినడం, చేతిలో కరదీపిక, పక్కన చేయించి చూపే మనిషి. యంత్రం పిల్లవాడికన్నా ముందు పంతులుకు పనికొచ్చింది. ప్రసారం ఆగిపోయాక మిగలాల్సింది పంతులే కాబట్టి అది సరైన వరస. చివరికి తేలిందేమిటంటే, టీవీ చూసిన పిల్లల భాష మెరుగైంది, కొత్త సంగతి తెలుసుకోవాలన్న ఆసక్తి పెరిగింది. బడి మానేసేవాళ్ల సంఖ్య మాత్రం తగ్గలేదు. ఎలా తగ్గుతుంది? బడి మానేసింది టీవీ లేక కాదు కదా, అమ్మానాన్నలతో పాటు పనికి పోవాల్సి వచ్చి. 1976 జులై 31తో ఉపగ్రహం వెళ్లిపోయింది. కొన్ని ఊళ్లకు తర్వాత హైదరాబాద్ దూరదర్శన్ అందింది. మిగతా ఊళ్లకు ఏమీ అందలేదు.

ట్యాబ్ దీనికి అన్ని విధాలా ఎదురు. ఇది పిల్లవాడి సొంతం. బడిలోనూ ఇంట్లోనూ, పొద్దునా రాత్రీ తనతోనే ఉంటుంది. నెట్ లేకున్నా పాఠం నడుస్తుంది. తెలుగులో విని, అదే ఇంగ్లీషులో చూసుకోవచ్చు. లెక్క అర్థం కాకపోతే పదిసార్లు వెనక్కి తిప్పుకోవచ్చు, ఎవరూ నవ్వరు. వెనక బెంచీలో నోరు విప్పని పిల్లకు అది చిన్న వరం కాదు. ట్యాబ్ పథకాన్ని మొత్తంగా వృథా అని కొట్టిపారేసే విమర్శకులు ఈ సంగతిని చూడరు. 1975 టీవీకి చేతకాని పని ఇదే.

మరి అదుపు? దాన్ని సాఫ్ట్‌వేర్‌కు అప్పజెప్పారు. పాఠాలు తప్ప ఇంకేమీ తెరుచుకోకుండా తాళం, పిల్లలు ఏం చూస్తున్నారో దూరం నుంచి కనిపెట్టే ఏర్పాటు. కొన్నాళ్లకే ఆ తాళాన్ని పిల్లలు తప్పించేస్తున్నారని, సినిమాలూ గేములూ నడుస్తున్నాయని వార్తలు మొదలయ్యాయి. పద్నాలుగేళ్ల పిల్లలకు తాళం అంటే సవాలు. అది ఊహించకపోవడం అధికారుల అమాయకత్వం. అసలు లోపం అది కూడా కాదు. పిల్ల నిన్న రాత్రి ఏ పాఠం చూసింది, ఎక్కడ ఆగింది అన్నది పొద్దున తరగతిలోకి వచ్చిన టీచర్‌కు తెలియాలి. ఆ పాఠంలోంచే ఈ రోజు పాఠం ఎత్తుకోవాలి. పాఠం రాసింది ఒక ప్రైవేటు కంపెనీ, ట్యాబ్ ఇచ్చింది ప్రభుత్వం, తాళం వేసింది సర్వర్. ఈ ముగ్గురి మధ్య టీచర్‌కు మిగిలింది ట్యాబ్‌లు చార్జింగ్ అయ్యాయా, పగిలాయా అని చూసుకునే పని. 2024 జులైలో బైజూస్ దివాలా విచారణకు వెళ్లింది. 1976లో ఉపగ్రహం వెళ్లిపోతే వెనుక కనీసం శిక్షణ పొందిన పంతుళ్లు మిగిలారు.

ఇంతలో ఇంకో విచిత్రం. 2023 జులైలో యునెస్కో ప్రపంచ విద్యా నివేదిక వచ్చింది. చదువులో టెక్నాలజీ ఎవరి షరతుల మీద నడవాలన్నదే దాని ప్రశ్న. అప్పటికి ప్రపంచంలో నాలుగో వంతు దేశాలు కూడా బడిలో ఫోన్‌ను నిషేధించలేదని అందులో లెక్క ఇచ్చారు. మరుసటి నెలలోనే ఆ నివేదికను చూపిస్తూ ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ పిల్లలు బడికి ఫోన్ తేవద్దని, టీచర్లు తరగతికి వెళ్లే ముందు ఫోన్‌ను హెడ్‌మాస్టర్ దగ్గర పెట్టాలని ఆదేశాలిచ్చింది. అంతకు ఎనిమిది నెలల ముందు లక్షల తెరలు పంచిన శాఖ అదే. తప్పేమీ లేదు, ట్యాబ్ వేరు ఫోన్ వేరు అనవచ్చు. కానీ అప్పట్లో అదే టీచర్ అదే ఫోన్‌తో పొద్దున హాజరు వేసి, మధ్యాహ్న భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో ఎక్కించాల్సి వచ్చేది. తరగతిలో ఫోన్ ముట్టుకుంటే నేరం, గది బయట ముట్టుకోకపోతే నేరం.

ఇటు ఒడ్డున కూడా ఈ ముచ్చట తక్కువేమీ కాదు. తెలంగాణలో 2023 నుంచి పిల్లల హాజరుకు, 2025 ఆగస్టు 1 నుంచి టీచర్ల హాజరుకు కూడా ముఖం చూపించే యాప్ వచ్చింది. దేవరకొండ తండాల్లో, నల్లమల అంచు ఊళ్లలో సిగ్నల్ కోసం బడి మిద్దె ఎక్కే టీచర్లున్నారు. తరగతిలో ఫోన్ వాడకంపై ఎవరైనా మాట్లాడాలంటే ముందు ఈ మిద్దె మీది ఫోన్ గురించి మాట్లాడాలి.

నల్లగొండ, పాలమూరు బడులకు తమ సొంత కంప్యూటర్ చరిత్ర ఒకటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఐదు వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ గదులు పెట్టారు. ప్రైవేటు కంపెనీలు ఐదేళ్లు నడిపి ఒప్పగించే పద్ధతి. అప్పట్లో ఆ గది ఎలా ఉండేదో చూసినవాళ్లకు గుర్తుంటుంది. కిటికీలకు గ్రిల్లు, తలుపుకు రెండు తాళాలు, గుమ్మం బయట వరుసగా చెప్పులు, లోపల ప్లాస్టిక్ ముసుగులేసిన మానిటర్లు, మౌస్ ముట్టడానికి ముగ్గురేసి పిల్లల వంతు. ఒప్పందం ముగిశాక బోధకులు పోయారు. తాళాలు మాత్రం ఉన్నాయి. బడిలో కంప్యూటర్ వాడకాన్ని అదుపు చేయడంలో అంతకు మించినది ఇంకోటి లేదు: ఎవరూ వాడలేదు.

కొవిడ్ కాలాన్ని ఇక్కడ క్లుప్తంగా దాటేస్తాను, దాని మీద ఎంతో రాశారు. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో పాఠాలు నడిచాయి. టీచర్లు వర్క్‌షీట్లు పట్టుకుని ఇళ్లకు తిరిగారు. పద్ధతి చూస్తే అది 1975 నాటిదే. ప్రసారం వచ్చినప్పుడే పాఠం. తేడా ఒక్కటే, ఈసారి పిల్లలు ఒక్కచోట కూర్చోలేదు. పక్క ఛానల్‌లో సీరియల్ ఉంది.

2025 ఫిబ్రవరిలో తెలంగాణ ఆరు జిల్లాల్లోని 36 ప్రాథమిక పాఠశాలల్లో కృత్రిమ మేధ సాయంతో చదవడం, లెక్కలు నేర్పే ప్రయోగం మొదలుపెట్టి, తర్వాత మిగతా జిల్లాలకు విస్తరించింది. ఏక్‌స్టెప్ ఫౌండేషన్ తోడు. మూడు నుంచి ఐదో తరగతి దాకా వెనకబడ్డ పిల్లలను చిన్న జట్లుగా చేసి, జట్టుకు ఇరవై నిమిషాలు, హెడ్‌ఫోన్ పెట్టి కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు. పిల్ల చెప్పిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న వస్తుంది. తమ బడిలో కంప్యూటర్ లేకపోతే పక్క హైస్కూలుకు నడుస్తారు. ఇరవై నిమిషాలు! ఇన్ని యంత్రాలు మారాక తిరిగి తిరిగి వచ్చి ‘సైట్’ నిమిషాల దగ్గరే ఆగాం. అప్పుడు ఉపగ్రహం నాలుగు భాషలకు పంచాలి కాబట్టి అంత. ఇప్పుడు కంప్యూటర్లు చాలవు కాబట్టి అంత. పిల్లల మేలు కోరి పెట్టిన గడువు రెండుసార్లూ కాదు. అయినా మేలే జరిగి ఉండొచ్చు.

ఎందుకంటే వివిధ దేశాల విద్యార్థులకు పెట్టే పీసా పరీక్షల 2022 ఫలితాల్లో ఒక సంగతి బయటపడింది. మన దేశం ఆ పరీక్షల్లో పాల్గొనలేదు. పాల్గొన్న దేశాల్లో, బడిలో చదువు కోసం రోజుకు గంట దాకా డిజిటల్ పరికరం వాడిన పిల్లలకు, అసలే వాడని పిల్లలకన్నా లెక్కల్లో సగటున 14 పాయింట్లు ఎక్కువ వచ్చాయి.  దీన్ని ఆధారంగా చేసుకుని ‘రోజుకు గంట’ అని ఒక సర్క్యులర్ తీయవచ్చు. తీస్తారేమోనని నా భయం.

నల్లగొండ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి సైన్సు క్లాసు చూశాను. గోడకు పెద్ద డిజిటల్ ప్యానెల్. మేడం గుండె కొట్టుకునే వీడియో పెట్టింది. నలభై సెకన్లు కాగానే ఆపేసింది. “ఇప్పుడు నెత్తురు యాడికి పోయింది?” అని అడిగింది. ఊపిరితిత్తులకని ఒకడు, కాళ్లకని ఇంకొకడు. మేడం జవాబు చెప్పలేదు. చూపుడు వేలితో ఆగిన బొమ్మ మీదే ఎర్ర గీత గీస్తూ పోయింది, తప్పు దారి గీసినప్పుడల్లా పిల్లలు అరిచారు. తర్వాత ప్యానెల్ వైపు వీపు తిప్పి, ఒక పిల్లను లేపి నాడి పట్టించింది. “మేడం, మల్లొకసారి పెట్టున్రి” అని వెనక నుంచి అడిగారు. పెట్టలేదు. “రేపు. ఇయ్యాల మీ ఇంట్ల ముసలోల్ల నాడి, చిన్నపిల్లల నాడి లెక్కబెట్టుకొని రాండ్రి.” ఆ పీరియడ్ మొత్తంలో వీడియో నడిచింది రెండు నిమిషాలు మించదు.

‘సైట్’లో ఆ నలభయ్యో సెకను దగ్గర ఆపడం కుదరదు. ట్యాబ్‌లో కుదురుతుంది, కానీ ఆపి అడిగే మనిషి ఉండదు. ఇరవై నిమిషాల హెడ్‌ఫోన్ పాఠంలో యంత్రమే ఆపి అడుగుతుంది, బాగానే అడుగుతుంది, అయితే పక్కవాడి తప్పు జవాబు వినే భాగ్యం పిల్లకు లేదు. ఆ మేడం చేసినదాన్ని ఏ ఆదేశంలోనూ పట్టలేం. నిమిషాలు రాయగలరు, యాప్ రాయగలరు, నిషేధం రాయగలరు. ఎక్కడ ఆపాలో ఆమెకే వదిలెయ్యాలి. ఆమెకు వదిలెయ్యాలంటే ఆమెకు ఆ పాఠం మీద పట్టు ఉండాలి, పట్టు ఉండాలంటే ఆ పన్నెండు రోజుల శిక్షణ లాంటిది కావాలి. ప్యానెల్ వచ్చినప్పుడు చాలాచోట్ల జరిగే శిక్షణ ఆన్ ఎలా చెయ్యాలి, ఆఫ్ ఎలా చెయ్యాలి, పెన్ రంగు ఎలా మార్చాలి. అది యంత్రానికి శిక్షణ, పాఠానికి కాదు.

నిషేధమే మందు అనేవాళ్లు ఇక్కడ అడ్డు తగులుతారు. ప్రపంచం అటే పోతోందంటారు. నిజమే, 2024 చివరికి బడిలో ఫోన్‌ను నిషేధించిన విద్యావ్యవస్థలు 79కి చేరాయని యునెస్కోయే చెప్పింది. స్వీడన్ చిన్నపిల్లల చేతిలో తెర తీసేసి మళ్లీ అచ్చు పుస్తకం పెడుతోంది. అయితే స్వీడన్ బడిలో తీసెయ్యడానికి ముందు పిల్లకో తెర ఉంది. మన దేశంలో 2023-24 యూడైస్ లెక్కల ప్రకారం పనిచేసే కంప్యూటర్లున్న బడులు 57.2 శాతం. ఇంట్లో మాత్రం కథ వేరు. 2024 అసర్ సర్వేలో పల్లెల్లోని 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో ఆ వారం చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం 76 శాతం. ఇంట్లో అదుపు లేని తెర, బడిలో అందని తెర. బడిలో దాన్ని నిషేధించినంత మాత్రాన ఆ 76 శాతం తగ్గదు. చదువుకు ఎలా వాడాలో చూపించే ఒక్క చోటూ పోతుంది.

2025 ఫిబ్రవరి చివర్లో ఢిల్లీ హైకోర్టు ఒక కేంద్రీయ విద్యాలయ విద్యార్థి కేసులో ఇచ్చిన ఉత్తర్వు ఈ గోలలో కాస్త నేల మీద నిలబడ్డ మాట. బడికి ఫోన్ తేవడాన్ని పూర్తిగా నిషేధించడం సరికాదు, తరగతిలో వాడకూడదు, వీలైన చోట బడి దాచిపెట్టి సాయంత్రం ఇవ్వాలి, నియమాలను తల్లిదండ్రులతో, టీచర్లతో, నిపుణులతో మాట్లాడి పెట్టుకోవాలి అంది. చివరి మాటే నాకు ముఖ్యం. ‘సైట్’ కాలంలో ఆ సంప్రదింపు లేదు. ట్యాబ్ కాలంలో లేదు. కృత్రిమ మేధ పాఠాల కాలంలోనూ ఊరివాళ్లను అడిగినట్టు నాకు కనపడలేదు.

అడగడానికి మనుషులు లేరా అంటే ఉన్నారు. 2024లో తెలంగాణ ప్రభుత్వ బడులకు మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. పిల్లల తల్లులే సభ్యులు. నల్లాలు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్నచిన్న మరమ్మతులు వాళ్లకు అప్పజెప్పారు. ఇంట్లో ఫోన్‌ను బియ్యం డబ్బాలో దాచే ఉపాయం నుంచి, పిల్ల ఏడిస్తే ఎన్ని నిమిషాలు ఇవ్వాలో దాకా ఆ తల్లులకు తెలిసినంత ఏ డైరెక్టరేట్‌కూ తెలియదు. ప్యానెల్ ఉన్న గదిలో ఫ్యాను బిగించే బాధ్యత వాళ్లది. ప్యానెల్ ఎప్పుడు వెయ్యాలో మేడంతో కూర్చుని మాట్లాడే బాధ్యత ఏ జీవోలోనూ వాళ్లకు ఇవ్వలేదు.